ఒగోవే ఒడ్డున ధర్మాసుపత్రి

గబాన్ రాజధాని లిబ్రవిల్ నుంచి లాంబరేనేకి రోడ్డు మీద దాదాపు 240 కిలోమీటర్లు. బండి ఎక్కేటప్పుడు భూగోళానికి ఉత్తరపు సగంలో ఉంటాం, దిగేటప్పటికి దక్షిణపు సగంలో ఉంటాం. దారి మధ్యలో, అడవి నడుమ, భూమధ్యరేఖ దాటుతాం. గీత కంటికి కనపడేది కాదు, రోడ్డు పక్కన నిలబెట్టిన బోర్డు చూసి తెలుసుకోవాల్సిందే. ఇరువైపులా అడవి గోడ కట్టినట్టు ఉంటుంది. ఈ దేశంలో నూటికి 85 పాళ్లకు పైగా అడవే. విస్తీర్ణం చూస్తే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కాస్త తక్కువ. జనం మాత్రం దాదాపు పాతిక లక్షలే, అందులోనూ ఎక్కువమంది పట్టణాల్లోనే ఉంటారు. అందుకే గంటల తరబడి వెళ్లినా ఊళ్లు పలచగా తగులుతాయి. ఎదురొచ్చే లారీల మీద ఒకూమే మాన్లు కనిపిస్తాయి. ప్లైవుడ్‌కు పెట్టింది పేరైన చెట్టు అది. నూరేళ్ల కిందట ఈ మాన్లనే తెప్పలుగా కట్టి నది మీద సముద్రం దాకా తేలించుకుపోయేవారు.

అలా సాగి సాగి ఒకచోట అడవి పక్కకు తప్పుకుంటుంది. ఎదురుగా ఒగోవే నది. పొడవు 1200 కిలోమీటర్లు, మన గోదావరికి కొంచెం తక్కువ. నది పాయలుగా చీలే చోట ఉన్న దీవి మీద, దానికి అటూ ఇటూ గట్ల మీద అల్లుకున్న ఊరే లాంబరేనే. జనాభా 40 వేలకు అటూ ఇటూ. భూమధ్యరేఖ ఇక్కడికి 75 కిలోమీటర్లు. ఏడాది పొడవునా పొద్దు ఆరింటికి కాస్త అటూ ఇటూగా పొడుస్తుంది, ఆరింటికి కాస్త అటూ ఇటూగా గుంకుతుంది. సందెవెలుగు ఎక్కువసేపు నిలవదు. దీపం ఆర్పినట్టు చీకటి పడిపోతుంది.

ఇంత చిన్న ఊరి పేరు ప్రపంచమంతటికీ తెలియడానికి కారణం నది గట్టున గుట్ట మీదున్న ఒక ఆసుపత్రి. మా చిన్నతనంలో సర్కారు దవాఖానాను పెద్దవాళ్లు ధర్మాసుపత్రి అనేవారు. లాంబరేనే ఆసుపత్రి గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొస్తుంది. అక్కడి గట్టున దిగిన మనుషుల గురించి, దిగాక ఆ నేల వాళ్లకు నేర్పిన దాని గురించి చెప్పుకోవాలి.

1913 ఏప్రిల్ 16న ఆలెంబే అనే ఆవిరి పడవ ఇక్కడి రేవుకు వచ్చింది. అందులోంచి దిగిన దంపతులు ఆల్బర్ట్ ష్వైట్జర్, హెలెన్. ఆయనకు 38 ఏళ్లు. అప్పట్లో జర్మనీలో ఉన్న ఆల్సేస్ ప్రాంతం వాడు, పాస్టరు గారబ్బాయి. స్ట్రాస్‌బర్గ్‌లో దైవశాస్త్రం బోధించినవాడు, చర్చి ఆర్గాన్ వాయించడంలో పేరున్నవాడు, సంగీతకర్త బాఖ్ మీద పెద్ద పుస్తకం రాసినవాడు. 1904లో ఒకరోజు ఆయన బల్ల మీద పారిస్ మిషనరీ సొసైటీ పత్రిక పడి ఉంది. గబాన్‌లో మిషన్ పనికి మనుషులు చాలడం లేదన్న వ్యాసం అందులో ఉంది. దాన్ని చదివి ముగించి తన పనిలో పడ్డారు, కానీ నిర్ణయం అప్పుడే అయిపోయింది. ప్రసంగాలు చెయ్యడానికి కాదు, చేతులతో పని చెయ్యడానికి వెళ్లాలనుకున్నారు. అందుకోసం ముప్పై ఏళ్ల వయసులో వైద్య విద్యార్థుల మధ్య మొదటి బెంచీలో మళ్లీ కూర్చున్నారు. హెలెన్ నర్సింగ్ నేర్చుకున్నారు. 1912లో పెళ్లి, మరుసటి వసంతంలో ప్రయాణం.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ష్వైట్జర్ బైబిలు మీద రాసిన పుస్తకాలు సొసైటీలో కొందరు పెద్దలకు మింగుడుపడలేదు. ఈయన అక్కడికెళ్లి బోధ మొదలుపెడితే ఎలా అని భయపడ్డారు. వైద్యం మాత్రమే చేస్తాను, మత విషయాల్లో చేపలా మౌనంగా ఉంటానని ఆయన మాట ఇచ్చారు. ఖర్చంతా తనదేనన్నారు. స్నేహితుల దగ్గర, తోటి అధ్యాపకుల దగ్గర చందాలు పోగుచేశారు, కచేరీలు చేశారు. అప్పుడుగానీ మిషన్ ఆవరణలో ఉండటానికి అనుమతి రాలేదు. నోటితో బతికిన మనిషి నోరు కట్టుకుని వెళ్లడానికి ఒప్పుకోవడం నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద త్యాగంగా అనిపిస్తుంది. తర్వాత లాంబరేనేలోని మిషనరీలే ఆ కట్టడిని సడలించి, ఆదివారాలు ఆయన చేత బోధ చేయించారు.

గున్స్‌బాఖ్ అనే తమ పల్లె నుంచి వాళ్లు బయల్దేరింది గుడ్ ఫ్రైడే నాడు. వెంట మందులు, పనిముట్లు నింపిన 70 పెట్టెలు. యుద్ధం వస్తుందేమోనన్న అనుమానంతో నోట్లకు బదులు 2000 మార్కులు బంగారు నాణేలుగా తెచ్చుకున్నారు. ఆఫ్రికా తీరానికి ఓడ, అక్కడి నుంచి నది మీద ఆవిరి పడవ. లాంబరేనే రేవు నుంచి ఆండెండే అనే మిషన్ స్టేషను దాకా దోనె. ఒకే మానును తొలిచి చేసిన సన్నటి దోనెలవి, కాస్త కదిలితే తలకిందులవుతాయి. మిషన్ బడి పిల్లలు పోటీలు పడి తెడ్లు వేస్తూ, పాడుతూ తీసుకెళ్లారు. 40 ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన నాలుగు గదుల చెక్క ఇల్లు, చుట్టూ వసారా. చాలాకాలం ఖాళీగా ఉండటంతో సాలీళ్లు, ఎగిరే బొద్దింకలు అందులో కాపురం పెట్టాయి. మొదటి రాత్రి వాటిని తరమడంతోనే సరిపోయింది. తెల్లవారి ఆరింటికి గంట మోగింది, బడి పిల్లల కీర్తన వినపడింది.

ఆ మిషన్ అంతకు ముందే ఉంది. 1876లో దాన్ని మొదలుపెట్టింది రాబర్ట్ హామిల్ నస్సావ్ అనే అమెరికన్ మిషనరీ, ఆయనా వైద్యుడే. ఫ్రెంచి ప్రభుత్వం బడుల్లో ఫ్రెంచి భాషే చెప్పాలని పట్టుబట్టడంతో అమెరికా వాళ్లు ఆ స్టేషన్లను పారిస్ సొసైటీకి అప్పగించి వెళ్లారు. మన గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కథ తెలిసినవాళ్లకు ఈ వరస పరిచయమే. ఒకరు పునాది తవ్వి పోతారు, ఇంకొకరు వచ్చి గోడ కడతారు, ఊరి జనానికి చివరికి ఒక్క పేరే గుర్తుంటుంది.

మొదటి మూడు వారాలు జబ్బు ముదిరినవాళ్లు తప్ప ఎవరూ రావద్దని ఊళ్లకు కబురు పంపారు. ఎవరు వింటారు? మొదటి రోజు నుంచే గుమ్మం ముందు జనం. కట్టిస్తామన్న గది కట్టలేదు, పనివాళ్లంతా కలప వ్యాపారంలోకి పోయారు. ఎండలో రోగుల్ని చూస్తుంటే సాయంత్రానికి వాన మొదలై సామానంతా వసారాలోకి చేరవెయ్యాల్సి వచ్చేది. చివరికి ఇంటి పక్కనున్న పాత కోళ్ల కొట్టం శుభ్రం చేసి, గోడకు అరలు కొట్టి, మంచం వేసి, సున్నం పూశారు. కిటికీ లేదు. కప్పుకు చిల్లులు. తల మీద టోపీ తియ్యడానికి లేదు, ఎండ సూటిగా పడుతుంది. ప్రపంచం తర్వాత శాంతి బహుమతి ఇచ్చిన డాక్టరు మొదటి ఆసుపత్రి అది.

ఆ కొట్టంలో ఆయనకు దొరికిన అసలు సంపద జోసెఫ్ అజోవానీ. గాలోవా తెగవాడు, అంతకు ముందు వంటవాడు, జబ్బు చూపించుకోవడానికి వచ్చి సాయంగా ఉండిపోయాడు. ఫ్రెంచి, ఇంగ్లిషు, నది పొడవునా మాట్లాడే భాషలు చాలా వచ్చు. శరీర భాగాల పేర్లు మాత్రం వంటింట్లో నేర్చుకున్నవే. ఈ మనిషికి కుడి తొడమాంసం నొప్పి, ఆ ఆడమనిషికి పక్కటెముకల ముక్కలో పోటు అని మాంసం కొట్టు భాషలో చెప్పేవాడు. చదవడం రాదు. అయినా అలమరలోంచి అడిగిన మందు సీసా ఒక్కసారీ తప్పు తీయలేదు. చీటీ మీది అక్షరాల రూపాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకునేవాడు. ఎవరితో ఎలా మాట్లాడాలి, ఏ రోగి బతకడం కష్టమని బంధువులకు ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు చెప్పకూడదు, ఇవన్నీ డాక్టరుకు నేర్పింది జోసెఫే. లాంబరేనే డాక్టరుగారి మొదటి సహాయకుణ్ని అని తనను తాను చెప్పుకునేవాడు, ఆ మాట అక్షరాలా నిజం. దూరం నుంచి సేవకు వచ్చేవాళ్ల గురించి రాసే కథల్లో జోసెఫ్ లాంటివాళ్లు ఒక వాక్యంలో వచ్చిపోతారు. లాంబరేనేలో మాత్రం ఆయన లేకపోతే మొదటి వారమే పని ఆగిపోయేది.

రోజూ పొద్దున్నే గాలోవా, ఫాంగ్ భాషల్లో దండోరా వేసినట్టు నియమాలు చెప్పేవారు. డాక్టరు ఇంటి దగ్గర ఉమ్మరాదు. గట్టిగా మాట్లాడరాదు. ఒక పూటలో అందర్నీ చూడటం కుదరదు కాబట్టి ఒక రోజుకు సరిపడా తిండి తెచ్చుకోవాలి. అనుమతి లేకుండా రాత్రి అక్కడ పడుకోరాదు, ఎందుకంటే వచ్చినవాళ్లు బడి పిల్లల్ని లేపి వాళ్ల మంచాల్లో పడుకునేవారు. మందు ఇచ్చిన సీసాలు, రేకు డబ్బాలు తప్పనిసరిగా తిరిగి తేవాలి. ఈ చివరి నియమం వెనకాల పెద్ద బాధ ఉంది. ఆ తేమలో అట్టపెట్టెలు, పొట్లాలు నిలవవు, మందు గాజు సీసాలో ఉంటేనే ఉంటుంది. సీసా కావాలంటే యూరప్ నుంచి రావాలి. రోగికి జబ్బు తగ్గడం ఎంత ముఖ్యమో సీసా ఆసుపత్రికి తిరిగి చేరడం అంత ముఖ్యం. ప్రతి రోగి మెడలో దారానికి కట్టిన ఒక బిళ్ల, దాని మీద నంబరు. ఆ నంబరు చూసి పుస్తకం తెరిస్తే పేరు, జబ్బు, ఇచ్చిన మందులు అన్నీ ఉంటాయి. సీసాలు పారేసుకున్నవాళ్లు కూడా ఆ బిళ్లను మాత్రం భద్రంగా దాచుకునేవారు. మొదటి తొమ్మిది నెలల్లో దాదాపు 2000 మందిని చూశారు. మలేరియా, కుష్ఠు, అతినిద్ర వ్యాధి, రక్త విరేచనాలు, మానని పుండ్లు, హెర్నియాలు. ఆపరేషన్ అంటే హెలెన్ మత్తు ఇవ్వాలి, జోసెఫ్ పొడవాటి రబ్బరు తొడుగులు వేసుకుని పక్కన నిలబడాలి. గాలోవా మాటలో డాక్టరును ఒగంగా అనేవారు, మంత్రవైద్యుడని అర్థం. చంపి మళ్లీ లేపుతాడని మత్తుమందు చూసిన జనం చెప్పుకున్నారు.

ఆ ఏడాది చివరికి రేకుల గది తయారైంది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. ముందు రోగుల్ని చూసే గది, వెనక ఆపరేషన్ గది. నేల సిమెంటుది. కిటికీలు పెద్దవి, పైకప్పు దాకా ఉన్నాయి, వాటికి అద్దాల్లేవు, సన్నటి దోమతెర బిగించారు. కప్పు సందుల్లోంచి దోమ దూరకుండా కింద తెల్లగుడ్డ పరిచి కట్టారు. ఈ దోమతెర దగ్గర తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. మలేరియా దోమకాటుతో వస్తుందన్న రహస్యం విడివడింది ఇక్కడికి వేల మైళ్ల దూరాన మన సికింద్రాబాద్‌లో. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని చిన్న భవనంలో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. 16 ఏళ్లు తిరిగేసరికి, మధ్య ఆఫ్రికా అడవిలో కడుతున్న రెండు గదుల ఆసుపత్రికి దోమతెర తప్పనిసరి అయింది.

సాయంత్రాలు సంగీతం. పారిస్ బాఖ్ సొసైటీ ఆయనకు ఒక పియానో బహూకరించింది. ఆర్గాన్‌కు ఉన్నట్టు కాళ్లతో నొక్కే మెట్లు దానికి ఉంటాయి. చెదలకు, తేమకు చెడిపోకుండా ప్రత్యేకంగా చేయించి, జింకు రేకు వేసిన పెట్టెలో పంపారు. పెట్టె బరువుకు మామూలు దోనెలు తట్టుకోలేవు. 3 టన్నుల బరువు మొయ్యగల ఒక మహావృక్షపు దోనె వ్యాపారుల దగ్గర దొరికింది, దాని మీద పియానో ఒగోవే దాటింది.

తర్వాత యుద్ధం వచ్చింది. గబాన్ ఫ్రెంచి పాలనలో ఉంది, వీళ్లు జర్మన్ పౌరులు. 1914 ఆగస్టు 5న దంపతులను సొంత ఇంట్లోనే నిర్బంధించి రోగుల్ని చూడొద్దన్నారు. కొన్నాళ్లకు ఆ ఆంక్ష తీసేశారు గానీ, 1917లో ఫ్రాన్సుకు తరలించి ఖైదీల శిబిరంలో పెట్టారు. ఈ మధ్యలో, 1915 సెప్టెంబరులో, జబ్బుపడ్డ ఒక మిషనరీ భార్యను చూడటానికి పడవలో పోతున్నారు. నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు తేలాయి. మూడో రోజు పొద్దుగుంకే వేళ పడవ నీటిగుర్రాల మంద మధ్యగా సాగుతుంటే, ఏళ్లుగా వెతుకుతున్న మాట ఒక్కసారిగా తోచింది. జీవం పట్ల పూజ్యభావం. బతకాలనుకునే ప్రాణుల మధ్య నేనూ బతకాలనుకునే ప్రాణినే, కాబట్టి ఏ ప్రాణికీ అనవసరంగా హాని చెయ్యరాదన్నది దాని సారం. మనవాళ్లకు ఇది వింటే అహింస గుర్తొస్తుంది. ఆయనకూ గుర్తొచ్చింది. భారతీయ ఆలోచనాధోరణుల మీద 1935లో ఒక పుస్తకమే రాశారు. అహింసను గౌరవించారు, లోకాన్ని మిథ్యగా చూసే ధోరణితో విభేదించారు.

యుద్ధం ముగిశాక, 1924లో ఈస్టరు వేళకు ష్వైట్జర్ తిరిగి వచ్చేసరికి ఆసుపత్రి పొదల్లో మునిగి ఉంది. రేకుల గది నిలిచింది, తాటాకు వంటి ఆకులతో నేసిన పైకప్పులు కూలాయి. ఆ ఆకు పలకల కోసం ఊరూరా తిరిగి బతిమాలారు. మరుసటి ఏడు కరువు. అంతకు ముందు ఏడాది వానలు ఆగక కొట్టిన అడవిని కాల్చలేకపోయారు, పొలాలు వెయ్యలేకపోయారు. అదే సమయంలో రక్త విరేచనాలు అంటుకున్నాయి. ఇరుకు ఆవరణలో ఆ రోగుల్ని విడిగా ఉంచడానికి చోటు లేదు, తిండి పండించుకోవడానికి భూమి లేదు. ఈ రెండు కారణాల వల్లే నదికి ఎగువన 3 కిలోమీటర్ల దూరంలో అదొలినానొంగో గుట్ట మీద 70 హెక్టార్లు తీసుకున్నారు. జనాల మీదుగా చూసే చోటు అని ఆ పేరుకు అర్థం. ఒకప్పుడు అక్కడ గాలోవా పెద్దల ఊళ్లుండేవి. 1927 జనవరిలో రోగుల్ని పడవల్లో కొత్త చోటికి చేర్చారు.

ఆ గుట్ట మీద అప్పుడు కట్టిన భవనాలు ఇప్పుడు మ్యూజియం. ఎత్తయిన గుంజల మీద నిలబడ్డ పొడవాటి రేకుల ఇళ్లు అవి. వరద వస్తే నీళ్లు కింద నుంచి పోతాయి. గట్టి కలప గుంజలను చెదలు పట్టకుండా నిప్పుల్లో పైపైన కాల్చి పాతారు. ఇళ్లన్నీ తూర్పు పడమరలకు బారుగా ఉంటాయి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు ఏడాదంతా దాదాపు నడినెత్తి మీదుగానే పోతాడు. ఇల్లు ఇలా కడితే పొద్దు ఇంటి కొప్పు వెంబడే నడుస్తుంది, పొడవాటి పక్క గోడలకు ఎండ తగలదు. లోపలికి గాలి ఇటు వచ్చి అటు పోతుంది. రేకుల కింద చెక్క కప్పు వేశారు, రెంటి నడుమా గాలి ఆడుతుంది. పంకా లేని ఆ గదుల్లో నూరేళ్ల కిందటి ఆ లెక్క ఇప్పటికీ పనిచేస్తోంది. కొత్తగా కట్టే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఇంజినీర్లు ఒకసారి చూసి రావాల్సిన చోటు ఇది.

గుంజ పాతడానికి గొయ్యి తవ్వాక, అందులో చీమలో కప్పలో పడ్డాయేమోనని ష్వైట్జర్ వంగి చూసేవారు. ఉంటే చేత్తో తీసి పక్కన వదిలి, ఆ తర్వాతే గుంజ దించనిచ్చేవారు. పని ఆగిపోతోందని విసుక్కున్న కూలీలు, కొన్నాళ్లకు తామే వంగి చూడటం మొదలుపెట్టారు.

ఈ ఆసుపత్రి ఒక ఊరులా నడిచింది. రోగి ఒంటరిగా రాడు. భార్య, తల్లి, పిల్లలు, మేక, కోళ్లు, వంట గిన్నెలతో దోనె దిగుతాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు వండింది తినడానికి జనం భయపడేవారు. ఆసుపత్రి అరటికాయలో బియ్యమో కొలిచి ఇస్తే, వాళ్లే పొయ్యి రాజేసుకుని వండుకునేవారు. వార్డుల మధ్య సందుల్లో పొగ, పిల్లల అరుపులు, తిరిగే మేకలు. వెంట వచ్చినవాళ్లలో ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు తోటలో పని చెయ్యాలి, అదే ఫీజు. కొందరు గుడ్లు, అరటిగెల తెచ్చి ఇచ్చేవారు. మన పెద్దాసుపత్రుల వరండాల్లో చాపలు పరుచుకున్న బంధువుల్ని చూసినవాళ్లకు ఇది వింతగా తోచదు. పాశ్చాత్య డాక్టర్లకు మాత్రం తోచింది. 1950ల్లో వచ్చిన సందర్శకులు ఇక్కడి మురికి గురించి, ఆపరేషన్ గదికి తప్ప మిగతా ఆసుపత్రికి కరెంటు లేకపోవడం గురించి ఘాటుగా రాశారు.

అంతకంటే బరువైన విమర్శ ఇంకొకటుంది, దాన్ని దాటవెయ్యడం తప్పు. ఆఫ్రికా మనిషి తనకు సోదరుడే, అయితే తాను అన్న, అతను తమ్ముడు అని ష్వైట్జర్ రాశారు. ఆసుపత్రి పగ్గాలు చివరిదాకా యూరప్ వాళ్ల చేతుల్లోనే ఉంచారు. 1960లో గబాన్ స్వతంత్ర దేశమయ్యాక ఆ మాట చాలామందిని గుచ్చింది, గుచ్చడం న్యాయమే. అదే మనిషి, లూకా సువార్తలోని ధనవంతుడు–లాజరు ఉపమానం చెప్పి, ఆఫ్రికా గుమ్మం ముందున్న లాజరు, మనమే ఆ ధనవంతుడని యూరప్‌ను నిలదీశారు. తాము చేసేది దానం కాదు, చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం అన్నారు. ఈ రెండు మాటలూ ఆయనవే. రెండూ గుర్తుంచుకునే ఆ గుట్ట ఎక్కాలి.

1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ఆయనకు వచ్చింది. ఆ డబ్బుతో కుష్ఠు రోగులకు విడిగా ఒక పల్లె కట్టించారు, దాని పేరుకు వెలుగుల ఊరు అని అర్థం. 1965 సెప్టెంబరు 4న, 90 ఏళ్ల వయసులో ఇక్కడే కన్నుమూశారు. నది కనిపించేలా, చెట్ల నీడలో, ఆయన సమాధి మీద ఒక మామూలు సిలువ. అది ఆయన తన చేత్తో చేసిపెట్టుకున్నదే. పక్కనే 1957లో చనిపోయిన హెలెన్ అస్థికలు. ఆమె ఆరోగ్యం పాడై చాలా ఏళ్లు ఇక్కడ ఉండలేకపోయారు. ఆసుపత్రి మొదటి ఏళ్లలో సగం బరువు మోసింది ఆమే.

1981లో పాత ఆవరణ పక్కనే కొత్త ఆసుపత్రి కట్టారు. ఇప్పుడు రోగుల్ని చూసేది అక్కడే. ప్రసూతి, పిల్లల వైద్యం, శస్త్రచికిత్స అన్నీ ఉన్నాయి. అదే ఏడాది ఒక చిన్న పరిశోధన విభాగం మొదలైంది. అది పెరిగి పెద్దదై లాంబరేనే వైద్య పరిశోధన కేంద్రం అయింది. పిల్లలకు మలేరియా రాకుండా ఇచ్చే మొదటి టీకా ఆర్‌టీఎస్,ఎస్ చివరి దశ పరీక్షలు ఏడు ఆఫ్రికా దేశాల్లో 11 చోట్ల, 15 వేలకు పైగా పిల్లల మీద జరిగాయి. ఆ 11లో లాంబరేనే ఒకటి. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను సిఫారసు చేసింది. టీకా పూర్తి రక్షణ ఇవ్వదు, దోమతెర అవసరం తీరిపోలేదు. కానీ ఏటా లక్షల ప్రాణాలు తీసే జబ్బు మీద మనిషి చేతికి ఇన్నాళ్లకు ఒక టీకా దొరికింది. చేతులు చాచి సూది వేయించుకున్న ఆ పిల్లల తల్లులు, దోనెల్లో వచ్చిన ఆనాటి రోగుల మనవరాళ్లో మునిమనవరాళ్లో అయి ఉంటారు.

లాంబరేనేకి దేశదేశాల నుంచి డాక్టర్లు, నర్సులు, వడ్రంగులు, విద్యార్థులు నూరేళ్లుగా వస్తూనే ఉన్నారు. 1924 నుంచి దశాబ్దాల పాటు నిలిచిపోయిన మతిల్డ్ కోట్‌మన్, టీచరు పని వదిలి వచ్చిన ఎమ్మా హౌస్‌క్నెక్ట్ లాంటి నర్సులే ఆసుపత్రిని నిజంగా నడిపారు. 1970ల చివరి నుంచి అమెరికా వైద్య విద్యార్థులు మూడేసి నెలలు ఇక్కడ పని నేర్చుకున్నారు.

వెళ్లాలనుకునేవారికి కొన్ని సంగతులు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. అడిస్ అబాబా, ఇస్తాంబుల్, పారిస్ మీదుగా లిబ్రవిల్ చేరవచ్చు. అక్కడి నుంచి లాంబరేనేకి బస్సులు, అద్దె కార్లు దొరుకుతాయి. రోడ్డు బాగోగుల్ని బట్టి అరపూటకు పైగా పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలుండవు, నదిలో ఇసుక తిన్నెలు తేలతాయి, జనం వాటి మీద గుడిసెలు వేసుకుని చేపలు పడతారు. చూడటానికి అదే మంచి కాలం. పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా పత్రం లేనిదే దేశంలోకి రానివ్వరు, తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. మలేరియా మాత్రలు, దోమతెర మరిచిపోవద్దు. మ్యూజియంలో డాక్టరు గది, ఆయన బల్ల, పాత మందుల గది చూడొచ్చు. సందర్శకులు ఉండటానికి ఆవరణలోనే గదులున్నాయి.

సేవ చెయ్యాలని వెళ్లే సంఘాల యువతీయువకులకు ఒక్క మాట. ముందుగా ఉత్తరం రాసి, ఏ పనికి మనిషి కావాలో అక్కడివాళ్లను అడిగి బయల్దేరండి. ఇంగ్లిషుతో పని జరగదు, కనీసం ఆరు నెలలు ఫ్రెంచి నేర్చుకోండి. అక్కడ దిగాక మొదటి నెల మాట తగ్గించి, రోగుల భాష తెలిసినవాళ్ల పక్కన కూర్చోండి.

లాంబరేనే పిల్లల మీద పరీక్షించిన ఆ మలేరియా టీకా తయారీ బాధ్యతను అప్పగించేందుకు 2021లో ఒప్పందం జరిగింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌తో. రాస్ దోమను కోసి చూసిన బేగంపేట కూడా అదే నగరంలో ఉంది.